ప్రీపేమెంట్ మీటరున్న ఇంట్లో దిగాక: వేసిన డబ్బు ఎటు పోతోంది, కంపెనీ ఎలా మారాలి

బ్రిటన్‌లో, లెస్టర్‌లోనో లండన్ ఈస్ట్ హామ్‌లోనో అద్దె ఇంటి తాళాలు తీసుకుని లోపలికెళ్తే, వంటింటి డ్రాయర్‌లో ఒక కరెంటు కీ, ఒక గ్యాస్ కార్డు కనబడతాయి. అంటే ఆ ఇంట్లో ఉన్నవి ప్రీపేమెంట్ మీటర్లు: కీలో, కార్డులో ముందే డబ్బు వేయించి (టాప్-అప్) మీటరులో పెడితేనే కరెంటు, గ్యాస్ వస్తాయి. వాటిలో ఒక్క పౌండు కూడా వేయకండి. కింద చెప్పిన చిక్కుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లకు వర్తిస్తుంది. నార్తర్న్ ఐర్లండ్ పద్ధతి వేరు.

సమస్య: 10 పౌండ్లు వేసినా మీటరు సున్నా దాటలేదు

కారణం: డబ్బు పాత బాకీకి పోయింది. పాతవాళ్లు 5 పౌండ్ల ఎమర్జెన్సీ క్రెడిట్ (డబ్బు అయిపోయినప్పుడు మీటరు ఇచ్చే చేబదులు) వాడేసి వెళ్లారనుకోండి. ఇల్లు రెండు వారాలు ఖాళీగా ఉంది. ఎవరూ లైటు వేయకపోయినా స్టాండింగ్ చార్జీ (వాడకంతో సంబంధం లేని రోజువారీ రుసుము) రోజూ పడుతూనే ఉంటుంది. రోజుకు 50 పెన్స్ చొప్పున 7 పౌండ్లు. మీ 10 మింగేసి మీటరు ఇంకో 2 అడుగుతుంది. పైగా పాత అప్పును వారం వారం కోసుకునేలా మీటరును సెట్ చేసి ఉండొచ్చు. బటన్ నొక్కుతూ ఒక్కో స్క్రీన్ చూస్తే మొత్తం బాకీ, వారపు కోత కనబడతాయి.

పరిష్కారం: దిగిన రోజే రెండు మీటర్ల రీడింగు, క్రెడిట్, బాకీ స్క్రీన్‌లను ఫొటో తీయండి. ఇంటికి ఇప్పుడు సరఫరా చేస్తున్న కంపెనీకి ఫోన్ చేసి, దిగిన తేదీ చెప్పి అద్దె ఒప్పందం పంపండి. మీటరులోని పాత బాకీ తీసేయమని, కొత్త కీ, కార్డు ఇమ్మని అడగండి. ఈలోపు తప్పక టాప్-అప్ చేసి ఉంటే రసీదులు చూపించి, బాకీ కింద కోసింది తిరిగి అడగండి. మీరు దిగకముందు బాకీ మీది కాదు.

కంపెనీ ఏదో తెలియకపోతే కరెంటుకు మీ ప్రాంతపు నెట్‌వర్క్ సంస్థను (లండన్‌లో ఎక్కువ భాగానికి యూకే పవర్ నెట్‌వర్క్స్, లెస్టర్‌కు నేషనల్ గ్రిడ్), గ్యాస్‌కు ఫైండ్ మై సప్లయర్ సైటును అడగాలి. రెండూ ఒకే కంపెనీవి అయ్యుండాలని లేదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: కరెంటు సరిచేసుకుని, గ్యాస్‌లో పాతవాళ్ల అప్పు కట్టుకుంటూ పోతారు.

సమస్య: వేరే కంపెనీకి మారతానంటే ఒప్పుకోవట్లేదు

ముందు చిరునామా చూడండి. పెద్ద ఇంటిని ఫ్లాట్లుగా విడగొట్టినచోట మీరు ‘ఫ్లాట్ 2’ అంటే, రికార్డులో ‘ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాట్’ అని ఉంటుంది. అందుకే చిరునామాతో కాక ఇంటి కనెక్షన్‌ను గుర్తించే నంబరుతో అడగాలి: కరెంటుకు 13 అంకెల ఎంపీఏఎన్, గ్యాస్‌కు 6 నుంచి 10 అంకెల ఎంపీఆర్ఎన్. మీటరు మీది సీరియల్ నంబరు కూడా చెప్పి సరిచూడమనండి.

మీ పేరునే బాకీ ఉన్నా, అది ఒక్కో ఇంధనానికి 500 పౌండ్లు దాటనంతవరకు ప్రీపేమెంట్ వాళ్లు మారొచ్చు. అప్పు కొత్త కంపెనీకి వెంట వస్తుంది. అసలు ఎంపీఏఎన్ లేకపోతే అది ఇంటి ఓనరు తన కనెక్షన్ నుంచి మీ వాడకం లెక్కకు పెట్టుకున్న సబ్-మీటరు. కంపెనీ మార్చే వీలు మీకుండదు. అయితే ఓనరు తాను కొన్న రేటుకు మించి యూనిట్ అమ్మకూడదని ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ నియమం.

అంతా సరిగా ఉంటే మారడం సాధారణంగా 5 పనిదినాల్లో అయిపోతుంది, మనసు మారితే 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. బిల్లు మీరు కడుతున్నప్పుడు కంపెనీని ఎంచుకునే హక్కు మీదే. ఓనరు అనుమతి విషయం మీటరునే మార్చేటప్పుడు వస్తుంది.

సమస్య: మారాక టాప్-అప్ లెక్క తప్పింది

పాత కీతో వేస్తే డబ్బు పాత కంపెనీకే పోతుంది. మారే తేదీ నుంచి కొత్త కీయే వాడాలి. అది రాకపోతే ఎదురుచూడకుండా ఫోన్ చేయండి. మారే వారంలో మీటరులో ఎక్కువ డబ్బు ఉంచకండి. మిగిలింది పాత కంపెనీ దగ్గర అడిగి తెచ్చుకోవడం ఓ పని. స్మార్ట్ ప్రీపేమెంట్‌లో (కంపెనీతో దూరం నుంచే మాట్లాడే స్మార్ట్ మీటరులో) కీ ఉండదు. యాప్‌లో కట్టిన డబ్బు మీటరుకు చేరకపోతే, రసీదులోని 20 అంకెల కోడ్‌ను మీటరు మీద కొట్టాలి.

సమస్య: నెలవారీ బిల్లుకు మారదామంటే డిపాజిట్ అడుగుతున్నారు

కొత్తగా దేశానికి వచ్చినవాళ్లకు అక్కడ క్రెడిట్ చరిత్ర ఉండదు, అదీ కారణం. ముందు ప్రీపేమెంట్‌తోనే కంపెనీ మారి, కొన్ని నెలలయ్యాక మళ్లీ అడగడం మా దృష్టిలో తేలిక. స్మార్ట్ మీటరైతే ఎవరూ ఇంటికి రాకుండానే మోడ్ మార్చేస్తారు. కీ మీటరైతే మీటరే మార్చాలి. ముందు ఓనరుకు చెప్పండి, ఖాళీ చేసేటప్పుడు మళ్లీ పాతది పెట్టమనొచ్చు. తొందర కూడా లేదు: ప్రీపేమెంట్ అంటే రేటు ఎక్కువన్నది పాత మాట. 2024 ఏప్రిల్‌లో ప్రీపేమెంట్, నెలవారీ బిల్లుల స్టాండింగ్ చార్జీలను సమం చేశారు.

సమస్య: అక్టోబరులో హీటింగ్ వేస్తే గ్యాస్ రావట్లేదు

వేసవంతా గ్యాస్ వాడలేదని కార్డు ముట్టుకోలేదు. స్టాండింగ్ చార్జీ మాత్రం ఆగలేదు, నాలుగు నెలలది పేరుకుపోయింది. ఇది పాతవాళ్ల బాకీ కాదు, మీదే. ఒకేసారి కట్టలేకపోతే వారాలుగా విడగొట్టమని కంపెనీని అడగండి. వచ్చే వేసవిలో వారానికి నాలుగు పౌండ్లయినా కార్డులో వేస్తూ ఉండండి.