లేబుల్ డిజైన్ ఎన్నిసార్లు మార్చినా కుదరడం లేదా? ముందు మీ బ్రీఫ్ చూడండి

కూకట్‌పల్లిలో ఇంటి దగ్గరే పచ్చళ్లు పట్టి అమ్మేవాళ్లు సీసాకి లేబుల్ చేయిస్తున్నారనుకుందాం. డిజైనర్‌తో వచ్చే పేచీల్లో చాలావాటికి మందు బ్రీఫ్‌లోనే, అంటే ఏం కావాలో మీరు డిజైనర్‌కి రాసిచ్చే కాగితంలోనే ఉంటుంది.

సమస్య: ఎన్ని శాంపిళ్లు చూసినా "ఏదో తక్కువైంది" అనిపిస్తోంది.

కారణం: "రిచ్‌గా ఉండాలి, ట్రెడిషనల్‌గా ఉండాలి, కానీ మోడ్రన్‌గా కనిపించాలి" అని రాసిచ్చారు. దాన్ని చదివి ఎవరు మాత్రం ఏం గీస్తారు?

పరిష్కారం: ఆ మాటలు కొట్టేసి, కొనేదెవరో, ఎక్కడ కొంటారో రాయండి. "గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో ఉద్యోగాలు చేసుకునే జంటలు, ఫోన్‌లో బొమ్మ చూసి ఆర్డర్ పెడతారు" అని రాస్తే, వేలెడంత బొమ్మలోనూ ఆవకాయకీ గోంగూరకీ తేడా తెలియాలని డిజైనర్‌కి అర్థమవుతుంది. "మోండా మార్కెట్ దగ్గర కిరాణా కొట్టులో, పై అరలో" అంటే లెక్క వేరు: పేరు దూరం నుంచే కనబడాలి. వద్దనుకున్నవీ చెప్పండి. జాడీ పట్టుకున్న బామ్మ బొమ్మ ఇప్పటికే సగం సీసాల మీద ఉంది.

సమస్య: అంతా ఓకే అనుకున్నాక లేబుల్ మీద చోటు చాలలేదు.

కారణం: తప్పనిసరి వివరాలు ఆఖర్న పంపారు.

పరిష్కారం: ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లోగో, 14 అంకెల లైసెన్స్ నంబరు, ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క, పదార్థాలు, పోషక విలువలు, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, చిరునామా. ఇవన్నీ మొదటి రోజే టైప్ చేసి ఇవ్వండి. సీసా చుట్టుకొలత టేపుతో కొలిచి రాయండి, ఫొటో పంపి ఊరుకోవద్దు.

సమస్య: "పచ్చడి" కాస్తా "పచ్‌చడి" అయి కూర్చుంది.

కారణం: సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల సెట్టింగ్ ఆన్ చేయలేదు. అక్షరాలు మొత్తం పిచ్చి గుర్తులుగా మారితే అది వేరే రోగం. మన డీటీపీ షాపుల్లో సొంత కోడ్‌తో నడిచే పాత అను ఫాంట్లు ఇంకా నడుస్తున్నాయి, మీరు వాట్సాప్‌లో పంపింది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ వాడే ఉమ్మడి కోడ్. ఒకదాని కోడ్ ఇంకోదానికి తెలియదు.

పరిష్కారం: "తెలుగు యూనికోడ్‌లోనే కావాలి, మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్ వాడండి" అని బ్రీఫ్‌లో పెట్టండి. డిజైనర్ వాడే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ అయితే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోవాలి. ప్రెస్‌కి వెళ్లే పీడీఎఫ్‌ని తెలుగు బాగా వచ్చినవాళ్లు అక్షరం అక్షరం చదవాల్సిందే. పాతబస్తీ షాపుల కోసం ఉర్దూ కూడా పెడుతుంటే దానికీ ఇదే జాగ్రత్త.

సమస్య: రోజుకో కరెక్షన్.

కారణం: ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. బావమరిదికి పసుపు నచ్చలేదు, అమెరికా అక్కయ్యకి ఫాంట్ నచ్చలేదు.

పరిష్కారం: ఫైనల్ చేసేది ఎవరో ఒక్క పేరు రాయండి. ఎన్ని విడతల మార్పులో, ఏ తేదీకి ముగించాలో కూడా. ఎండాకాలంలో ఆవకాయ పట్టేనాటికి లేబుల్ చేతిలో ఉండాలంటే ప్రింటింగ్‌కి పట్టే రోజులు ముందే తీసేసి లెక్కేయాలి.

సమస్య: ఫోన్‌లో మెరిసిన ఎరుపు కాగితం మీద మబ్బుగా వచ్చింది.

పరిష్కారం: స్క్రీన్ రంగులు వేరు, ఇంకు రంగులు వేరు. సీఎంవైకేలో (ప్రింటింగ్ ఇంకుల రంగుల పద్ధతి) చేయమనండి, ఫొటోలు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోవడానికి అంచు దాటి వేసే రంగు). మొత్తం వేసేముందు ఒక్క కాపీ ప్రూఫ్ చూడండి. ఎడిట్ చేయగలిగే సోర్స్ ఫైల్ కూడా ఇవ్వాలని డబ్బులు మాట్లాడుకునేటప్పుడే రాసుకోండి. లేకపోతే పావుకిలో సీసా మొదలుపెట్టిన రోజున అదే లేబుల్‌కి మళ్లీ మొదటినుంచి చెల్లించాల్సి రావచ్చు.