ఓక్లహోమా ఆనియన్ బర్గర్: ఇంట్లో ఎక్కడ తేడా కొడుతుంది?

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని ఎల్ రీనో ఈ బర్గర్‌కి పుట్టినిల్లు. 1920ల్లో అక్కడ మాంసం ఖరీదు, ఉల్లిపాయ చవక. అందుకే కొంచెం కీమాలోకి బోలెడు ఉల్లిపాయ అదిమి కాల్చడం మొదలుపెట్టారు. ఇందులో ఉల్లిపాయ పైన చల్లుకునేది కాదు, ప్యాటీలో (బన్ మధ్య పెట్టే కీమా బిళ్లలో) ముఖ్య భాగం అదే. ఇది మర్చిపోతేనే చాలా తప్పులు జరుగుతాయి.

ఉల్లిపాయ ఊడిపోతోంది, తింటుంటే పచ్చిగా తగులుతోంది

ముక్కలు మందంగా ఉన్నాయి, లేదా ఆలస్యంగా అదిమారు. పకోడీకి తరిగే దానికన్నా సన్నగా, వెలుతురు కనిపించేంత పల్చగా రావాలి. కత్తితో కష్టమే, స్లైసర్ వాడండి. 90 గ్రాముల కీమా ఉండకి కనీసం దాని సగం బరువు ఉల్లిపాయ కావాలి. ఉండని వేడి పెనం మీద పెట్టగానే పైన ఉల్లిపాయ గుట్టగా పోసి, గట్టి అట్లకాడతో బలంగా నొక్కండి. కీమా మెత్తగా ఉన్న ఆ మొదటి అర నిమిషంలోనే ఉల్లిపాయ లోపలికి దిగుతుంది. తర్వాత ఎంత నొక్కినా రసం కారడమే తప్ప అంటుకోదు.

నీళ్లు ఊరి, ప్యాటీ ఉడికినట్టు అవుతోంది

తరిగిన ఉల్లిపాయకి ఉప్పు పట్టించి పావుగంట ఉంచి, గుప్పిట్లో పట్టి గట్టిగా పిండేయండి. పకోడీలో ఆ నీళ్లే పిండిని కలుపుతాయి, ఇక్కడ మాత్రం అవి వద్దు. ప్యాటీ మీద ఉప్పు తగ్గించండి. ఇనప పెనం మీద ఒకేసారి రెండుకు మించి వేయకండి.

ఉల్లిపాయ మాడింది, లోపల పచ్చి

తిప్పాక కూడా పెద్ద మంటే ఉంచారన్నమాట. మొదటి వైపు పెద్ద మంట మీద రెండు మూడు నిమిషాలు, తిప్పి ఉల్లిపాయ కిందికి వచ్చాక మధ్యస్థం. అంచుల్లో బయటికి వచ్చిన పోగులు బెల్లం పాకం రంగుకి తిరిగి, చివర్లు కరకరలాడుతుంటే సరిగ్గా కుదిరినట్టే. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ అంచులే. బీఫ్ కీమా లోపల 71 డిగ్రీల సెల్సియస్ చేరాలి, చికెన్ అయితే 74.

ప్యాటీ పిడచగా, గట్టిగా ఉంది

కొవ్వు తక్కువ కీమా, లేదా ఎక్కువ పిసికారు. 20 శాతం కొవ్వున్నది తీసుకుని ఉండ చుట్టి వదిలేయండి, ఉప్పు లోపల కలపొద్దు. బీఫ్ తిననివాళ్లు కొవ్వున్న మటన్ కీమాతో చేసుకోవచ్చు. చికెన్ అయితే పెనం మీద ఒక చెంచా నూనె తప్పదు.

బన్ ఎండిపోయి విరుగుతోంది

విడిగా కాల్చకండి. ప్యాటీ తిప్పగానే చీజ్ స్లైస్ వేసి, బన్ రెండు సగాలూ దాని మీదే పెట్టండి. కింద నుంచి వచ్చే ఉల్లిపాయ ఆవిరికే మెత్తబడతాయి.