లీకు లేని ట్యాంకుకు రోజూ లీకు హెచ్చరిక: నీటి సెన్సర్ల సమస్య - పరిష్కారం

పై ట్యాంకులో ఒక లెవెల్ సెన్సరు, సంపులో మరొకటి, ఫ్లాట్లకు దిగే పైపు మీద ఒక పల్సు మీటరు బిగించి, వాటి రీడింగులను వైఫై మీదుగా సర్వరుకు పంపి, రోజువారీ వాడకాన్నీ లీకులనూ లెక్కగట్టే ఏర్పాటు విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు కనిపిస్తోంది. ఆ లెక్క తప్పుతోందని అనుమానం వచ్చిన అసోసియేషన్ వారి కోసం ఇది రాస్తున్నాను. అడాప్టరు, కేబులు, వైఫై పాస్‌వర్డు చూసుకోవడం మీకు తెలిసిన పనే. రీడింగులను వైఫైతో సర్వరుకు పంపే ఈఎస్‌పీ8266 బోర్డు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మాత్రమే కలుస్తుందనీ తెలిసే ఉంటుంది.

అందరూ దాటేసే పని ఇంకొకటి ఉంది. ఏ భాగాన్ని మార్చే ముందైనా డేటాబేసులోని ముడి వరుసలను తెరిచి, విలువనూ దాని పక్కనున్న సమయాన్నీ కలిపి చదవాలి. గ్రాఫు చూస్తే చాలదు. ఎందుకు చాలదో కింద వివరిస్తాను. వాడకం తక్కువగా ఉండే మధ్యాహ్నం వేళ, గోడ గడియారంలో సమయం రాసుకుని, వాచ్‌మన్‌తో మోటారును కొద్ది నిమిషాలు ఆన్ చేయించండి. ముడి వరుసల్లో పై ట్యాంకు మట్టం అసలు పెరగకపోతే లోపం సెన్సరులోనో, తీగలోనో, నెట్‌వర్కులోనో ఉంది. సరైన సమయానికే పెరిగి, పెరిగిన కొలత తప్పుగా ఉంటే సెన్సరు బిగింపును చూడాలి. కొలత సరిగ్గానే ఉండి సమయం తప్పితే, సెన్సరు జోలికి వెళ్ళకండి.

కొలత తప్పడం గురించి కొంచెం. ధ్వనిని పంపి, అది నీటిని తాకి తిరిగివచ్చే సమయంతో దూరాన్ని లెక్కగట్టే అల్ట్రాసోనిక్ లెవెల్ సెన్సరు తన ముఖానికి అతి దగ్గరలో ఉన్నదాన్ని కొలవలేదు; నీటికి తడవని రకాల్లో ఈ గుడ్డి దూరం 20 నుంచి 25 సెంటీమీటర్లు ఉంటుంది కనుక, ట్యాంకు నిండినప్పుడు నీరు అంత దగ్గరకు రాని ఎత్తులో దాన్ని బిగించాలి. మోటారు నీళ్ళు పడే ధార, లోపలి నిచ్చెన మెట్లు దాని ఎదురుగా ఉండకూడదు. ఎండాకాలంలో మరో చిక్కు ఉంది. 20 డిగ్రీల దగ్గర గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, 45 డిగ్రీల దగ్గర దాదాపు 358 మీటర్లు. ప్రోగ్రాంలో 343 అనే రాసి ఉంటే, మే నెల మధ్యాహ్నం మేడ మీద మీటరున్నర దూరాన్ని సెన్సరు ఆరు సెంటీమీటర్లు తక్కువగా కొలుస్తుంది, అంటే నీటి మట్టాన్ని అంత ఎక్కువగా చూపిస్తుంది. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు ఉన్న ట్యాంకులో అది 360 లీటర్లు. సాయంత్రం గాలి చల్లబడేకొద్దీ ఆ లేని నీరు గ్రాఫులో నెమ్మదిగా దిగిపోతుంది, చూసినవారు లీకు అనుకుంటారు. ట్యాంకు లోపల ఒక ఉష్ణోగ్రత సెన్సరు పెట్టి, ధ్వని వేగాన్ని డిగ్రీకి 0.6 మీటరు చొప్పున సవరించండి. అందుకు వాడేది డీఎస్18బీ20 అయితే, పవరు వచ్చిన వెంటనే అది చూపే 85 డిగ్రీలను లెక్కలోకి తీసుకోవద్దు; అది కొలిచిన విలువ కాదు, కొలత మొదలుకాక ముందు చిప్పులో ఉండే అంకె.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువగా వేధించిన కారణం సమయం.

దీని లక్షణం ఇలా ఉంటుంది. రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి మధ్య లీకు ఉందని ప్రతిరోజూ హెచ్చరిక వస్తుంది. ప్లంబరు వచ్చి బాల్ వాల్వులు మార్చి, ఫ్లష్ ట్యాంకులు విప్పి, ఒక్కోసారి టైల్స్ కూడా పగలగొట్టి చూసినా చుక్క కారడం కనిపించదు, మర్నాడు మళ్ళీ అదే హెచ్చరిక. లీకును పట్టే పద్ధతిలో తప్పు లేదు. అందరూ నిద్రపోయే వేళ కూడా ఆగకుండా సాగే ప్రవాహాన్ని లీకుగా లెక్కించడం నగర నీటి సరఫరాలోనూ వాడే పద్ధతే. అయితే ఆ ‘రాత్రి’ ఏ గడియారం ప్రకారం అన్నదే ప్రశ్న. క్లౌడ్ సర్వర్లు మామూలుగా యూటీసీ మీద, అంటే ప్రపంచమంతటికీ ఆధారమైన ప్రామాణిక సమయం మీద నడుస్తాయి. మన సమయం కాకినాడ దగ్గరగా సాగే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది కాబట్టి, యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. యూటీసీలో ఒకటి నుంచి నాలుగు అంటే మనకు ఉదయం 6:30 నుంచి 9:30. ఇంటింటా స్నానాలు, వంట, వాషింగ్ మెషీన్లు నడిచే వేళను సర్వరు నడిరాత్రి అనుకుని లీకు ప్రకటిస్తోంది.

ఇది కంటికి దొరకకపోవడానికి కారణం గ్రాఫే. గ్రఫానా వంటి డ్యాష్‌బోర్డు, వేరే సెట్టింగు పెట్టకపోతే, చూసేవారి బ్రౌజరు సమయంలోకి మార్చి చూపిస్తుంది. మీ ఫోనులో ఉదయం వాడకం ఉదయమే కనబడుతుంది, అంతా సవ్యంగా ఉందనిపిస్తుంది. హెచ్చరికను లెక్కగట్టే ప్రోగ్రాం మాత్రం సర్వరులో యూటీసీ గంటలతోనే పనిచేస్తూ ఉంటుంది. అందువల్ల గ్రాఫును పక్కన పెట్టి, రిపోర్టు వెనకున్న గంటలవారీ పట్టికను చూడండి. మామూలుగా ఉదయం ఆరున్నర, తొమ్మిదిన్నర మధ్య రావలసిన వాడకం అందులో ఒకటి, నాలుగు గంటల మధ్య కనిపిస్తే కారణం తేలినట్టే. రోజు మొత్తాలూ ఇలాగే చెడతాయి, ఎందుకంటే యూటీసీ ప్రకారం రోజు మారేది మనకు తెల్లవారుజామున 5:30కి. కార్పొరేషన్ నీళ్ళు ఆ వేళకే వచ్చే వీధుల్లో, నాలుగున్నరకు మొదలై ఆరింటికి ఆగిన సంపు నింపుడు రెండు రోజుల ఖాతాల్లోకి చీలిపోతుంది. వచ్చిన నీటికీ వాడిన నీటికీ పొంతన కుదరక, కమిటీలో ఎవరో ఒకరి మీద అనవసరంగా అనుమానం పడుతుంది.

పరిష్కారం ఒకే నియమంలో ఉంది: నిల్వ చేసేది యూటీసీలో, మార్చేది చూపించేటప్పుడూ లెక్కించేటప్పుడూ మాత్రమే. డేటాబేసుగా వాడే ఇన్‌ఫ్లక్స్‌డీబీలో రోజులవారీగా కూడేటప్పుడు ఏషియా/కోల్‌కతా కాలమండలాన్ని క్వెరీలోనే, అంటే డేటాబేసును అడిగే ప్రశ్నలోనే, పేర్కొనాలి. సర్వరులో నిర్ణీత వేళకు నడిచే ప్రతి పనికీ అదే మండలం ఇవ్వాలి.

చాలామంది ఇక్కడే దారి తప్పి బోర్డులోనే సమయానికి 19800 సెకన్లు, అంటే ఐదున్నర గంటలు, కలిపి పంపిస్తారు. ఆ పైన డ్యాష్‌బోర్డు మళ్ళీ ఐదున్నర గంటలు కలుపుతుంది. దీని లక్షణం వేరు. కొత్త ప్రోగ్రాం ఎక్కించిన పూట గ్రాఫు ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే రీడింగులన్నీ ఇంకా రాని సమయానికి నమోదవుతున్నాయి. సెన్సరు పాడైందని కొత్తది తెప్పించి బిగిస్తారు. సాయంత్రానికి గ్రాఫు కదలడం మొదలవుతుంది, ఆ ఘనత కొత్త సెన్సరు ఖాతాలోకి పోతుంది. తరువాత మధ్యాహ్నం పన్నెండింటికి వేసిన మోటారు గ్రాఫులో సాయంత్రం ఐదున్నరకు కనిపిస్తూ ఉంటుంది, ‘ఇప్పటి మట్టం’ అని చూపేది ఐదున్నర గంటల నాటి మట్టం అయి ఉంటుంది. డ్యాష్‌బోర్డు కాలపరిమితిని రేపటి దాకా పొడిగించండి, నిజమైన రీడింగులు అక్కడ దొరుకుతాయి. బోర్డులో కలిపిన 19800ను తీసేయండి.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా డేటాలో ఖాళీలు వస్తుంటే దానికీ సమయమే కారణం కావచ్చు. బోర్డు క్షణాల్లో మొదలవుతుంది, ఫైబర్ మోడెమ్, రూటరు నిలదొక్కుకోవడానికి నిమిషాలు పడుతుంది. ఆ లోపు ఇంటర్నెట్ మీదుగా సరైన సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వరు నుంచి సమయం అందదు. ఒక్కసారి అడిగి ఊరుకునేలా ప్రోగ్రాం రాసి ఉంటే, ఆ తరువాత నెట్ వచ్చినా రీడింగులన్నీ 1970 జనవరి 1 నాటివిగా వెళ్తాయి. పాత డేటాను తీసేసే గడువు పెట్టిన డేటాబేసు వాటిని స్వీకరించదు. సమయం అందేదాకా మళ్ళీ మళ్ళీ అడిగేలా, అందిన తరువాతే రీడింగులు పంపేలా ప్రోగ్రాంను మార్చండి. లేదా నాణెం బ్యాటరీతో నడిచే డీఎస్3231 గడియారాన్ని జోడించండి. ఏడాదికి నిమిషం అటూఇటుగా ఉంటుంది, మేడ మీది వేడికీ పెద్దగా తప్పదు. సర్వరుకు చేరిన సమయాన్నే వేయడం తేలిక మార్గం. కానీ నెట్ లేనప్పటి రీడింగులను దాచుకుని తరువాత పంపే బోర్డుకు అది పనికిరాదు. గంటల తరబడి జరిగిన వాడకమంతా ఒక్క నిమిషంలో జరిగినట్టు నమోదై, పైపు పగిలిందన్న హెచ్చరిక వస్తుంది.

గ్రాఫు గీత గీసినట్టు అడ్డంగా ఉంటే, సెన్సర్ల సందేశాలను అందుకుని ముందుకు చేరవేసే ఎమ్‌క్యూటీటీ బ్రోకరు నిలుపుకున్న చివరి సందేశమే చూపిస్తున్నదేమో చూడండి. పెట్టెలో చీమలు చేరడం, పిడుగు దెబ్బ, పక్క వైర్ల ఆటంకం వంటివి ఉంటాయి గానీ అరుదు, వాటిని అన్నిటికన్నా చివర చూడండి.

సమయం సరిచేశాక పాత డేటాను అలాగే ఉంచి ముందుకు సాగవద్దు. లీకు అని తేల్చే హద్దును గత వారాల రాత్రి వాడకం నుంచి నేర్చుకునే అనలిటిక్స్ అయితే, దాని దృష్టిలో స్నానాల వేళే ఇప్పటికీ రాత్రి. హద్దు అంత ఎత్తున ఉండగా నిజమైన లీకు వచ్చినా పట్టుబడదు. సరిచేసిన తేదీ, గంట రాసిపెట్టుకోండి. తప్పు నిల్వలోనే ఉంటే, అంటే బోర్డు 19800 కలిపి పంపి ఉంటే, అంతకు ముందున్న వరుసలను అన్ని సెకన్లు వెనక్కి జరిపి వేరే పట్టికలోకి నకలు చేయండి. తప్పు లెక్కలో మాత్రమే ఉంటే వరుసలను కదపవద్దు. ఏదైనా సరే, హద్దును తుడిచి, సరైన గంటలతో మొదటి నుంచి మళ్ళీ లెక్కించనివ్వండి.