కారు లోపలి చెక్క పగుళ్లిచ్చిందా? పారేయకుండా కొత్తగా చేసుకోవడం ఎలా?

పాత మెర్సిడెస్, జాగ్వార్ లాంటి కార్లలో గేర్ చుట్టూ, డాష్‌బోర్డు మీద ఉండే చెక్కకు గీతల్లాంటి పగుళ్లు, పాలమచ్చలు కనిపించగానే చాలామంది ‘చెక్క పోయింది’ అనుకుంటారు. పైన వినైల్ స్టిక్కర్ అంటించేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. చాలావరకు పోయేది చెక్క కాదు, దాని మీది పాలిష్ పొర. కింద అసలు చెక్క చక్కగానే ఉంటుంది.

చెక్క గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. ఏళ్ల తరబడి ఎండ తగిలిన పాలిష్ గట్టిపడి, చెక్కతో పాటు సాగలేక పగులుతుంది. ఆ పగులులోంచి తేమ లోపలికి దిగి పాలిష్‌ను పైకి లేపుతుంది. మనకు కనిపించే పాలమచ్చ ఆ ఖాళీలో చేరిన గాలే. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో డాష్‌బోర్డు 60 డిగ్రీలు దాటడం మన దగ్గర మామూలే కాబట్టి ఇక్కడ ఈ జబ్బు తొందరగా వస్తుంది.

1995లో పుణెలో అసెంబ్లింగ్ మొదలైన మెర్సిడెస్ ఇ220ని ఉదాహరణగా తీసుకుందాం. ఆ కాలపు మెర్సిడెస్‌లలో ఎక్కువగా కనిపించేవి వాల్‌నట్, జీబ్రానో. జీబ్రానో అంటే గాబన్, కామెరూన్ అడవుల్లో పెరిగే చెట్టు. లేత చెక్క మీద నల్లటి చారలుంటాయి. మిగతా కార్లలోనూ పద్ధతి ఇంచుమించు ఇదే.

అసలు చెక్కేనా?

ముందు ఇది తేల్చుకోండి. మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లలో ‘వుడ్ ఫినిష్’ అంటే ప్లాస్టిక్ మీద చెక్క బొమ్మ ఉన్న పలుచటి ఫిల్మ్. దానికి సాండ్ పేపర్ తగిలిస్తే బొమ్మంతా లేచిపోతుంది. ముక్క విప్పి వెనక్కి తిప్పి చూడండి. ప్లైవుడ్డో అల్యూమినియం రేకో కనిపిస్తే పైన ఉన్నది చెక్క వెనీర్, అంటే జిగురుతో అంటించిన పలుచటి అసలు చెక్క పొర. వెనక ప్లాస్టిక్ ఉన్నా కొన్నింటికి పైన నిజమైన వెనీర్ ఉంటుంది కాబట్టి అంచు కూడా చూడండి, పలుచటి చెక్క పొర విడిగా తెలుస్తుంది. ఫిల్మ్ అయితే ఈ పని దానికి పనికిరాదు. హైడ్రో డిప్పింగ్ (నీటిలో తేలే ఫిల్మ్ మీది బొమ్మను ముక్కకు అంటించే పద్ధతి) చేసేవాళ్లకు ఇవ్వడమో, స్క్రాప్ కారు నుంచి మంచి ముక్క తెచ్చుకోవడమో మేలు.

విప్పడం

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే కనీసం పది నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. ఇ220లో ముందు యాష్‌ట్రే బయటికి లాగాలి, వెనక స్క్రూలు ఉంటాయి. పవర్ విండో స్విచ్‌లు గేర్ పక్కనే ఉంటాయి కాబట్టి వాటి కనెక్టర్లు ఎటున్నవి అటే ఫోటో తీసుకుని విప్పండి. ఎత్తడానికి స్క్రూడ్రైవర్ వాడొద్దు, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్ వాడండి. ముక్క రాకపోతే ఇంకో స్క్రూ ఎక్కడో మిగిలిందనే అర్థం. బలంగా లాగితే విరిగేది చెక్కే.

పాత పాలిష్ తీయడం

మొత్తం పనికి ప్రాణం ఇక్కడే ఉంది. తొందరపడొద్దు.

ముందు గోటితో ముక్కంతా తట్టి వినండి. ‘టక్ టక్’మని గట్టిగా వినిపించిన చోట వెనీర్ అతుక్కునే ఉంది. డొల్లగా మోగిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, అక్కడ వెనీర్ లేచి ఉండొచ్చు.

హీట్ గన్ తక్కువ వేడిలో పెట్టి, ఒకేచోట ఆపకుండా ఆడిస్తూ ఉండండి. పాలిష్ మెత్తబడగానే బ్లేడును దాదాపు పడుకోబెట్టి, చెక్క చారలు ఎటు సాగితే అటే నెట్టాలి. వేడి సరిగ్గా తగిలితే పాలిష్ పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది, తేనెరంగు పెంకుల్లా. పొడిపొడిగా రాలుతుంటే వేడి చాల్లేదు. పొగ వస్తే ఎక్కువైంది. వెనీర్ కూడా లేస్తోందనిపిస్తే వెంటనే గన్ పక్కన పెట్టి, ఆ చోట చదునైన బరువు పెట్టి చల్లారనివ్వండి. కింద జిగురు వేడికి మెత్తబడిందే కాబట్టి చాలాసార్లు మళ్లీ పట్టుకుంటుంది.

పెయింట్ రిమూవర్ కూడా పనిచేస్తుంది. కానీ అంచుల్లోంచి దిగి జిగురును కరిగించే ప్రమాదం ఉంది కాబట్టి, మూలల్లో మిగిలిన కాస్త పాలిష్‌కే బ్రష్‌తో రాయండి. గ్లవ్స్ వేసుకుని, గాలి ఆడే చోటే చేయండి.

ఆ తర్వాత సాండింగ్. వెనీర్ మందం సుమారు అర మిల్లీమీటరే ఉంటుంది. మెషిన్ వద్దు, చేత్తోనే చేయండి. చెక్క బ్లాక్‌కు 240 నంబరు సాండ్ పేపర్ చుట్టి, చారల వెంటే రుద్ది, 320తో ముగించండి. అంచుల దగ్గర బ్లాక్ తీసేసి వేలితో రెండుసార్లు రాస్తే చాలు. అరిగిపోయి వెనీర్ బద్దలయ్యేది ఎప్పుడూ అంచుల్లోనే.

అయిందో లేదో తెలుసుకోవడానికి గుడ్డను టర్పెంటైన్‌లో తడిపి ముక్కంతా తుడవండి. చెక్క ఒకేసారి ముదురు రంగులోకి తిరుగుతుంది, చారలు లేచి కనిపిస్తాయి. పాత పాలిష్ మిగిలిన చోట మాత్రం రంగు మారదు. అక్కడ మళ్లీ రుద్దాలి. పని పూర్తయ్యాక ఆ చెక్క ఎలా ఉండబోతోందో కూడా ఆ తడి రంగులోనే కనిపిస్తుంది.

మరమ్మతులు, రంగు

డొల్లగా మోగిన చోట్ల సిరంజితో పలుచటి సూపర్ గ్లూ ఎక్కించి, పాలిథిన్ కాగితం వేసి బరువు పెట్టండి. చిన్న చిల్లులకు అదే చెక్క పొడిని ఆరల్డైట్‌లో కలిపి నింపొచ్చు. అయితే ఆరాక అది రంగు పీల్చదు. కాబట్టి కలిపేటప్పుడే రంగు సరిచూసుకోండి. నీళ్లు దిగి నల్లబడిన మచ్చకు ఆగ్జాలిక్ యాసిడ్ వాడొచ్చు. మార్బుల్ పాలిష్‌కు వాడేదే, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. గోరువెచ్చని నీళ్లలో కరిగించి మచ్చ మీదే రాసి, తర్వాత తడిగుడ్డతో బాగా తుడిచేయండి. విషం కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి.

ఎండకు వెలిసిన ముక్కకు వుడ్ స్టెయిన్ పలుచగా వేయండి. ముదురు చేయడం తేలిక, వేసిన రంగు లేత చేయడం కష్టం. పక్క డోర్ ముక్కతో పోల్చడం ఎండ వెలుతురులోనే చేయండి. ట్యూబ్‌లైట్ కింద కలిసిన రంగు కారులో కలవకపోవచ్చు.

కొత్త పాలిష్

ఫర్నిచర్‌కు వేసే మెలమైన్ పాలిష్ దీనికి వేయొద్దు. గట్టిగా, పెళుసుగా ఉంటుంది కాబట్టి మళ్లీ పగుళ్లే వస్తాయి. కారు బాడీకి వాడే 2కె క్లియర్ (హార్డనర్ కలిపి వేసే పారదర్శక పాలిష్) వేయించండి. అందులో ఎండను అడ్డుకునే గుణం ఉంటుంది. కానీ 2కె హార్డనర్‌లో ఉండే ఐసోసైనేట్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, మామూలు గుడ్డ మాస్క్ దాన్ని ఆపదు. అందుకే చెక్కను మీరు సిద్ధం చేసి, స్ప్రే మాత్రం పెయింట్ బూత్ ఉన్న షెడ్డులో చేయించమంటాను.

మొదటి కోటు చెక్క పీల్చేస్తుంది. మొత్తం ఐదారు పలుచటి కోట్లు కావాలి. మధ్యలో రెండు కోట్లకోసారి, పొర ఆరాక 400 పేపర్‌తో మెల్లగా రుద్దాలి. వాన ముసురున్న రోజు వేయించొద్దు. వారం ఆగి 1000, 1500, 2000 వాటర్ పేపర్లతో తడిగా రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరిపించండి. ట్యూబ్‌లైట్ ప్రతిబింబం వంకరలేకుండా నిలబడిందంటే ఫినిష్ సరిగ్గా వచ్చినట్టే.

వెనీరే పోయి ఉంటే

ముక్కలు ఊడిపోయినా, వెనీర్ అరిగి కింద ప్లై కనిపిస్తున్నా పాతది మొత్తం తీసి కొత్తది వేయాల్సిందే. పాత వెనీర్‌ను హీట్ గన్‌తో తీసి, మిగిలిన జిగురు గీకేయండి. కొత్త వెనీర్‌ను చుట్టూ ఒక సెంటీమీటరు ఎక్కువగా కోసుకోండి. అంటించడానికి ఆరల్డైట్ లాంటి ఎపాక్సీయే మంచిది, కాంటాక్ట్ గ్లూ ఎండకు వదిలేస్తుంది. వంపు ఉన్న ముక్క మీద సమానంగా ఒత్తిడి పడాలంటే ఇసుక నింపిన గుడ్డ సంచి పెట్టి రాత్రంతా వదిలేయండి. చారల దిశ మాత్రం పక్క ముక్కలతో కలవాలి. ఇది తప్పితే ఎంత మెరిసినా కంటికి ఆనదు. ఒక్క ముక్క కోసమైతే వెనీర్ షాపులో పెద్ద షీటు కొనేకంటే, కోతలో మిగిలిన ముక్కలు అడగండి.

బిగించేటప్పుడు స్క్రూలు చేతికి ఆగేంతే తిప్పండి. ఎక్కువ బిగిస్తే రంధ్రం దగ్గర కొత్త పాలిష్ పగులుతుంది. ఇకపై తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే చాలు. సిలికాన్ ఉన్న డాష్‌బోర్డు పాలిష్‌లు ఆ చెక్క మీద వాడకండి. రేపు మళ్లీ క్లియర్ వేయాల్సి వస్తే సిలికాన్ ఉన్న చోటల్లా గుంటలు పడతాయి.