ఋతువుల ప్రకారం చీగోంగ్ చేస్తున్నా ఒంట్లో బాగుండట్లేదా? సమస్య, కారణం, పరిష్కారం

చైనా సంప్రదాయంలో ఋతువుకు తగ్గట్టు అలవాట్లు మార్చుకుంటూ చీగోంగ్ (నెమ్మది కదలికలు, ఊపిరి, ధ్యాస కలిపి చేసే చైనా సాధన) చేసేవాళ్లు నా దగ్గరకు తెచ్చే ఫిర్యాదులు మహా అయితే అయిదారు రకాలు. పొద్దున్నే చేస్తున్నా రోజంతా నీరసం. చేశాక నిద్ర పట్టట్లేదు. ఎండాకాలంలో తల తిరుగుతోంది. వానలు మొదలయ్యేసరికి ఒళ్లు బరువు. నన్ను అడిగే వేళకే చాలామంది కొత్త వీడియో వెతికి, కొత్త భంగిమ నేర్చుకుని, సాధన సమయం రెట్టింపు చేసి ఉంటారు. మొదట చూడాల్సింది మాత్రం చూసి ఉండరు.

బదువాన్‌జిన్ ఎనిమిది కదలికలు, ఊపిరి వదులుతూ పలికే ఆరు ధ్వనులు, నిలబడే సాధన వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వాటిని ఎలా చేయాలో మళ్లీ చెప్పను.

ముందు ఇది చూడండి: నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నారు?

ఈ పద్ధతికి ఆధారం 'హువాంగ్‌దీ నెయ్‌జింగ్' అనే ప్రాచీన వైద్య గ్రంథం. అందులో 'సూవెన్' భాగం రెండో అధ్యాయం నాలుగు ఋతువుల్లో ఎలా మెలగాలో చెబుతుంది. ఏ ఋతువు గురించి చెప్పినా అలవాట్లలో మొట్టమొదట వచ్చేది నిద్రే. వసంతంలో, వేసవిలో రాత్రి కాస్త ఆలస్యంగా పడుకుని పొద్దున్నే లేవాలి. శరత్తులో త్వరగా పడుకుని కోడితో పాటు లేవాలి. చలికాలంలో త్వరగా పడుకుని, ఎండ వచ్చేదాకా ఆగి లేవాలి. వసంతానికి చెప్పిన వ్యాయామమల్లా జుట్టు వదులుగా వదిలి పెరట్లో తీరిగ్గా నడవడం. భంగిమల పట్టిక ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

అంటే నిద్ర వేళ మార్చకుండా కదలికలు మాత్రమే మార్చేవాళ్లు ఋతుచర్య ఇంకా మొదలుపెట్టనట్టే. 'ఆలస్యంగా పడుకోవాలి' అన్న మాట దీపాల కాలం నాటిది. ఫోన్ చూస్తూ ఒంటిగంట దాకా మేలుకోవచ్చని దాని అర్థం కాదు. రెండు వారాల పాటు పడుకునే వేళ, లేచే వేళ కాగితం మీద రాయండి. అవి రోజూ గంటకు పైగా అటూ ఇటూ అవుతుంటే కింద రాసినవేవీ చదవకండి, ముందు అది సరిచేయండి. అమెరికా షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు అసలు ఋతువుల జోలికి వెళ్లకుండా, రోజూ ఒకే వేళకు నిద్రపోవడం ఒక్కటే సాధించినా చాలు.

సమస్య: చలికాలంలో తెల్లవారుజామున చేస్తే రోజంతా నీరసం

కారణం: నాలుగున్నరకు అలారం, చల్లటి మేడ మీద చెమట పట్టేదాకా సాధన. మనకు బ్రాహ్మీ ముహూర్తం మీద ఉన్న గౌరవం కొద్దీ ఏడాది పొడవునా అదే వేళ పట్టుకుంటాం. ఈ సంప్రదాయంలో చలికాలం శక్తిని దాచుకునే కాలం. చలికి దూరంగా ఉండు, వెచ్చగా ఉండు, చర్మం నుంచి బయటికి కారనివ్వకు అని గ్రంథం నేరుగా చెబుతుంది. చీకట్లో లేచి చెమటోడిస్తే దాచాల్సింది ఖర్చు పెట్టినట్టు.

పరిష్కారం: డిసెంబర్ నుంచి సంక్రాంతి దాకా సూర్యోదయం తర్వాతే మొదలుపెట్టండి. నిలబడే సాధన పది నిమిషాలు, 'చుయ్' ధ్వని ఆరుసార్లు, నడుము వెచ్చబడేదాకా అరచేతులతో రుద్దడం, అంతే. నుదుటి మీద చెమట కనిపిస్తే అక్కడితో ఆపేయాలి.

సమస్య: సాధన చేసిన రాత్రి నిద్ర పట్టదు, చెవులు వేడిగా ఉంటాయి

రాత్రి భోజనం తర్వాత కాస్త ఖాళీ దొరికింది కదా అని తొమ్మిదింటికి చేయడం వల్ల. ఉదయానికి మార్చండి. కుదరకపోతే సాయంత్రం ఆరుకు ముందు ముగించండి. చివర్లో రెండు అరచేతులూ బొడ్డు కింద పెట్టుకుని మూడు నిమిషాలు ఊరికే నిలబడటం ఎవరూ చేయరు. ఆ ముగింపు వదిలేస్తే ధ్యాస తలలోనే ఉండిపోతుంది.

సమస్య: చార్టు (ఏ తేదీ నుంచి ఏ సాధన, ఏ తిండి అని చెప్పే చైనా ఋతువుల పట్టిక) ప్రకారం అంతా సరిగ్గా చేస్తున్నా మే నెలలో తల తిరుగుడు, చిరాకు, ఆగస్టులో బరువు, కఫం, ఆకలి లేకపోవడం

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. ఇక్కడ సాధకుడి తప్పు ఒక్కటీ కనిపించదు. నిద్ర సరిగ్గా ఉంటుంది. భంగిమలు బాగుంటాయి. తేదీలు కూడా తప్పు కావు. తప్పు చార్టు ఏ ఊరిదన్న దాంట్లో ఉంటుంది.

సూర్యుడు 15 డిగ్రీలు కదిలినప్పుడల్లా ఒకటి చొప్పున చైనావాళ్లు ఏడాదిని 24 భాగాలు చేశారు. ఒక్కోటి సుమారు 15 రోజులు. 2016లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన పద్ధతి అది. వసంత ఆరంభం ఫిబ్రవరి 4 ప్రాంతంలో, వేసవి ఆరంభం మే 5 ప్రాంతంలో, శరత్తు ఆరంభం ఆగస్టు 7 ప్రాంతంలో, శీతాకాల ఆరంభం నవంబర్ 7 ప్రాంతంలో వస్తాయి. సూర్యుడి లెక్క కాబట్టి ఆ తేదీలు గుంటూరులోనూ చెల్లుతాయి. చెల్లనిది ఆ తేదీకి కట్టిన వాతావరణం. ఈ భాగాలకు పేర్లు పెట్టింది ఉత్తర చైనాలోని ఎల్లో నది పరీవాహక ప్రాంతంలో. డిసెంబర్ 7 ప్రాంతంలో వచ్చే భాగం పేరు 'పెద్ద మంచు'. ఆ రోజు గుంటూరులో ఫ్యాను వేసుకుంటాం.

మే 5 తీసుకోండి. బీజింగ్‌లో అప్పుడు ఎండ హాయిగా ఉంటుంది. ఎండను విసుక్కోకు, లోపలిది బయటికి వికసించనివ్వు అన్న వేసవి సూచన ఆ వాతావరణానికి చక్కగా సరిపోతుంది. మనకు అప్పటికి భరణి కార్తె నడుస్తుంటుంది, కృత్తిక వస్తుంటుంది, ముందు రోహిణి ఉంది. రామగుండంలో, విజయవాడలో 44 డిగ్రీలు దాటే రోజులు. ఒళ్లు అప్పటికే నెలన్నరగా చెమటలు కక్కుతోంది. ఆ ఒంటితో 'వేసవి మొదలైంది, విచ్చుకోవాలి' అని చేతులు విసిరే కదలికలు పెంచితే ఏమవుతుంది? చెమట గుండెకు సంబంధించిన ద్రవమని చైనా వైద్యమే అంటుంది. వాళ్ల లెక్కలో చూసుకున్నా అది గుండెను ఖాళీ చేయడమే. దడ, చిరాకు, తల తిరుగుడు అందుకే.

ఇక ఆగస్టు. చార్టు శరత్తు అంటుంది, అంటే పొడి గాలి, ఊపిరితిత్తుల కాలం. బేరి పళ్లు, తేనె తినమంటుంది, 'స్స్' ధ్వని చేయమంటుంది. మనకు అప్పుడు ఆశ్లేష, మఖ కార్తెలు. గోడలకు చెమ్మ, బీరువాలో బట్టలకు బూజు వాసన. తేమలో ఉన్న ఒంటికి తేమ పెంచే తిండి పెడితే కఫం, బరువు కాక ఏమొస్తుంది? చైనాలో కూడా ఆ తేదీకి వేడి పోదు. 'సాన్‌ఫు' అని వాళ్లు లెక్కపెట్టే ఉక్కపోత రోజులు జులై మధ్యలో మొదలై 30 గానీ 40 గానీ ఉంటాయి. అందులో చివరి పది రోజులు శరత్తు ఆరంభం దాటాకే మొదలవుతాయి. గ్వాంగ్‌జౌ వైపు, అంటే దక్షిణ చైనాలో, ఉక్క ప్రాంతాలవాళ్లు ఉత్తరాది సలహాను యథాతథంగా తీసుకోరు. మూలికలతో కాచిన చలువ కషాయాలు వీధి దుకాణాల్లో తాగుతూ తమ తేమకు తగ్గ పద్ధతి తామే పెట్టుకున్నారు. చైనావాళ్లే మార్చుకున్నదాన్ని మనం అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నాం.

అసలు తేడా ఎక్కడుందంటే, ఉత్తర చైనాలో ఎండా వానా కలిసి వస్తాయి. బీజింగ్ వానలో ఎక్కువ భాగం జులై, ఆగస్టుల్లోనే పడుతుంది. మనకు ముందు పొడి ఎండ, తర్వాత వాన. వాళ్ల వేసవి ఒకటైతే మనకు అది రెండు వేర్వేరు కాలాలు. పగటి నిడివి తేడా కూడా పెద్దదే. బీజింగ్‌లో పగలు డిసెంబర్‌లో సుమారు 9 గంటల 20 నిమిషాలు, జూన్‌లో 15 గంటలు. హైదరాబాద్‌లో సుమారు 11 నుంచి 13 గంటల మధ్యే తిరుగుతుంది. కాబట్టి ఋతువును బట్టి నిద్రను గంటన్నర జరపడం మనకు అనవసరం. అరగంట జరిపితే సరిపోతుంది.

ఇది దొంగదెబ్బ ఎందుకంటే, ఫిబ్రవరిలో, నవంబర్‌లో చార్టు మనకు దాదాపు సరిపోతుంది. ఒళ్లు తేలికవుతుంది, నమ్మకం కుదురుతుంది. మేలో దెబ్బ తగిలితే చార్టును కాక తమనే అనుమానించుకుని సాధన ఇంకా పెంచుతారు. ఇంకా నీరసిస్తారు.

పరీక్ష సులభం. గత పది రోజుల్ని గుర్తు తెచ్చుకోండి. పెదాలు పగులుతున్నాయా, చెమట పట్టిన వెంటనే ఆరిపోతోందా? అది పొడి వేడి. ఆరేసిన బట్టలు సాయంత్రానికి కూడా ఆరట్లేదా, పొద్దున నాలుక మీద మందంగా తెల్లటి పొర ఉందా? అది తేమ. చార్టులో ఈ రోజు ఏ పేరున్నా సరే, సాధన దీన్ని బట్టే ఉండాలి.

పరిష్కారానికి కొత్త పంచాంగం అక్కర్లేదు. మన రైతులు వాడే 27 కార్తెలూ సూర్యుడి నడకతో కట్టినవే, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. పైగా అవి ఇక్కడి వానను చూసుకుంటూ వాడినవి. తెలుగు నేల మీద ఉండేవాళ్లకు నేను ఇలా మార్చి చెబుతాను.

సంక్రాంతి తర్వాత నుంచి మార్చి మొదటి వారం దాకా వసంతం. పక్కటెముకలు సాగే కదలికలు, 'షూ' ధ్వని, ఉదయపు నడక. ఇది చార్టులో ఉన్నట్టే చేయొచ్చు.

ఎండ ముదిరాక రోహిణి అయ్యేదాకా పొడి వేడి కాలం. చార్టులో దీనికి గది లేదు కాబట్టి జాగ్రత్తంతా ఇక్కడే కావాలి. ఉదయం ఆరున్నరలోపు ముగించాలి. సాధన సగానికి తగ్గించి, కూర్చుని చేయాలి. 'హ' ధ్వని పైకి వినపడకుండా, ఊపిరి మాత్రమే వదులుతూ చేయాలి. మధ్యాహ్నం అరగంట కునుకు చైనా పద్ధతిలోనూ ఉంది, మొహమాటపడకండి. మజ్జిగ, పుచ్చకాయ మామూలే. మేడ మీద నిలబడే సాధన వద్దు, అది రాత్రికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది.

మృగశిర నుంచి ఉత్తర కార్తె దాకా, అంటే జూన్ 8 ప్రాంతం నుంచి సెప్టెంబర్ చివరి దాకా, వాళ్లు 'దీర్ఘ వేసవి' అని పిలిచే, భూమి తత్త్వానికి చెందిన తేమ కాలం. వాళ్ల దగ్గర అది కొద్ది వారాలే, మనకు మూడున్నర నెలలు. బదువాన్‌జిన్‌లో ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి తోసే మూడో కదలికను, 'హూ' ధ్వనిని ఎక్కువ చేయండి. అన్నం తిన్నాక వంద అడుగులు వేయండి. ఫ్రిజ్ నీళ్లు, రాత్రి పెరుగు, నూనె బజ్జీలు తగ్గించండి. వాన పడుతుంటే బజ్జీలు మానమనడం కష్టమే, కానీ బరువుగా ఉందని అడిగినవాళ్లకు నేను చెప్పేది అదే. అల్లం, శొంఠి, మిరియాల చారు మేలు.

హస్త కార్తె దాటి గాలి పొడిబారాక శరత్తు. 'స్స్' ధ్వని, తేనె, పళ్లు ఇప్పుడు మొదలుపెట్టండి. కోస్తాలో ఉన్నవాళ్లు ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గేదాకా ఆగండి. డిసెంబర్ నుంచి సంక్రాంతి దాకా చలికాలం. ఏం చేయాలో పైన చెప్పాను.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు లెక్క వేరు. న్యూజెర్సీ అక్షాంశం దాదాపు బీజింగ్‌దే, అక్కడ చార్టు పెద్దగా మార్చక్కర్లేదు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఆరు నెలలు తిప్పుకోవాలి. జూన్‌లో చలికాలపు సాధన చేయాలి. ఇంటి నుంచి అమ్మ పంపిన చార్టు చూసి అక్కడి జులై చలిలో వేసవి సాధన చేసేవాళ్లు ఉన్నారు. సింగపూర్ భూమధ్యరేఖ పక్కనే ఉంది, అక్కడ ఏడాదంతా తేమకు సంబంధించిన సాధన చాలు.

సమస్య: ఆయుర్వేద ఋతుచర్య ఒకటి చెబితే ఇది ఇంకోటి చెబుతోంది

నిజమే. హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది కాబట్టి నూనె మర్దన, వ్యాయామం మంచివని అష్టాంగ హృదయం చెబుతుంది. చైనావాళ్లు చలికాలంలో చెమట వద్దంటారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకండి. ఒక ఏడాదంతా ఒకటే పాటించండి, ఏది పడుతుందో మీ ఒళ్లే చెబుతుంది.

మిగతావి

నిలబడితే మోకాళ్ల నొప్పి వస్తుంటే ఎక్కువ వంగుతున్నారు, నిటారుగా నిలబడండి. ఏ దిక్కుకు తిరగాలి, ఏ రంగు బట్టలు వేసుకోవాలి అన్న ప్రశ్నల వల్ల ఎవరికీ సమస్య రావడం నేను చూడలేదు. చేతుల్లో తిమ్మిరి, వేడి ఏమీ తెలియట్లేదంటే కంగారు వద్దు, చాలామందికి తెలియదు.

షుగర్, బీపీ మందులు వాడేవాళ్లకు తల తిరిగితే ముందు రీడింగ్ చూసుకోవాలి, ఋతువు సంగతి తర్వాత. 'చుయ్' ధ్వని కిడ్నీలకని పుస్తకాల్లో ఉంటుంది గానీ, క్రియాటినిన్ పెరిగినవాళ్లు వెళ్లాల్సింది డాక్టర్ దగ్గరికే. నిద్ర, చార్టు రెండూ సరిచేసి నెల అయినా నీరసం తగ్గకపోతే థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి పరీక్షలు చేయించుకోండి. ఫలితాలు వచ్చేదాకా సాధనను రోజుకు పది నిమిషాలకు మించనివ్వకండి.