పళ్ల డాక్టర్లూ, లూప్స్ (కళ్లద్దాలకు బిగించే భూతద్దపు గొట్టాలు) పెట్టుకున్నా మెడ నొప్పి పోవట్లేదా?

స్టూల్ మార్చే ముందు ఒక పని చేయండి. పై దవడ చివరి పన్ను మీద పని చేస్తున్నప్పుడు, ముందే చెప్పకుండా పక్క నుంచి ఒక ఫొటో తీయమని అసిస్టెంట్‌కి చెప్పి ఉంచండి. పేషెంట్ మొహం పడకూడదు. ఫొటో తీస్తున్నారని తెలిస్తే ఎవరైనా నిటారుగానే కూర్చుంటారు. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష వదిలేసి దిండ్లు, బెల్టులు కొనేవాళ్లే ఎక్కువ.

సాయంత్రానికి భుజాలు బిగుసుకుపోతుంటే

పేషెంట్ చైర్ ఎత్తు ఎక్కువైంది. ముందు మీ స్టూల్ సరిచేసుకోండి: పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, తుంటి మోకాలి కంటే కాస్త పైన ఉండాలి. ఆ తర్వాతే పేషెంట్ నోరు మీ మోచేయి ఎత్తుకి, మహా అయితే కాస్త పైకి వచ్చేలా చైర్ దించండి. ఈ వరస తిరగబడితే మీరే పేషెంట్‌కి తగ్గట్టు వంగుతారు.

చైర్ ఎత్తు సరిగ్గానే ఉంది, అయినా మెడ వెనక, పుర్రె మొదట్లో నొప్పి

ఇక్కడే చాలామంది మోసపోతారు. కారణం లూప్స్ కోణం. గొట్టాలు కిందికి ఎంత వాలి ఉన్నాయో అదే డిక్లినేషన్. వాలు చాలకపోతే కళ్లు దించినా పన్ను కనబడదు, మిగతా వంపంతా మెడే వంగాలి. వంగగానే పన్ను అద్దంలా కనిపిస్తుంది కాబట్టి లూప్స్ మీద అనుమానమే రాదు. నింద దిండు మీదకో వయసు మీదకో పోతుంది.

పరీక్ష: నిటారుగా కూర్చోండి, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. మెడ 20 డిగ్రీలకు మించి వంచకుండా కళ్లు మాత్రం దించండి. లూప్స్‌లో కనిపించే వలయం మధ్యలో పన్ను ఉండాలి. వలయం పేషెంట్ ఛాతీ మీదకో లైటు మీదకో పోతుంటే కోణం తక్కువే. తల ముందుకు జరిపితేనే ఫోకస్ కుదిరితే అది కోణం తప్పు కాదు, వర్కింగ్ డిస్టెన్స్ (కన్ను నుంచి పన్ను దాకా దూరం) తక్కువగా కొలిచారు. అలవాటు ప్రకారం వంగి కూర్చున్నప్పుడు కొలత తీసుకుంటే జరిగేది అదే, ఆ వంపు లూప్స్‌లోనే అచ్చు పడిపోతుంది.

గొట్టాలు పైకి మడిచే ఫ్లిప్-అప్ రకమైతే కీలు దగ్గర కోణం పెంచుకుని మళ్లీ చూడండి. మరీ పెంచితే కళ్లు లాగుతాయి, అప్పుడు కొంచెం తగ్గించండి. అద్దంలోనే గొట్టం బిగించిన టీటీఎల్ రకాన్ని మీరు మార్చలేరు. సరైన భంగిమలో కన్ను నుంచి పన్ను దాకా కొత్తగా కొలిపించి, తయారీదారుకే పంపాలి. కోణం కుదిరాక కూడా పై పళ్లకి పేషెంట్‌ని పూర్తిగా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తించండి. సగం కూర్చోబెట్టి పై పళ్లు చూస్తే ఏ లూప్సూ కాపాడలేవు.

బొటనవేలి మొదట్లో నొప్పి

కారణం మొద్దుబారిన స్కేలర్ (పళ్ల గార గీకే పరికరం). పదును పోతే పట్టు బిగుస్తుంది. సానపట్టండి, పిడి సుమారు 10 మి.మీ. లావుగా, తేలిగ్గా ఉన్నది వాడండి. రెండు చేతులకీ ఒకటే అని అమ్మే బిగుతు గ్లవ్స్ కూడా అక్కడే నొక్కుతాయి.

మెడలో అదనపు పక్కటెముక లాంటి కారణాలు చాలా అరుదు, వాటి జోలికి ఇప్పుడే పోవద్దు. కానీ రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే, చేతిలోంచి మిర్రర్ జారిపోతుంటే చైర్ దగ్గర చిట్కాలు ఆపి నేరుగా డాక్టర్‌కి చూపించండి.