లాగ్ ఫైల్ డిస్క్ మొత్తం తినేస్తుంటే
ఎస్‌క్యూఎల్ సర్వర్‌ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్)లో డేటా 20 జీబీ కూడా ఉండదు, డేటాలో జరిగే ప్రతి మార్పునూ రాసుకునే లాగ్ ఫైల్ మాత్రం 150 జీబీ దాటి డిస్క్ నింపేస్తుంది. రోజూ రాత్రి ఫుల్ బ్యాకప్ తీస్తున్నాం కదా అనుకుంటాం. ఫుల్ రికవరీ మోడల్‌లో (లాగ్ బ్యాకప్ తీసేదాకా మార్పుల రికార్డును దాచి ఉంచే సెట్టింగ్) ఫుల్ బ్యాకప్ ఎన్నిసార్లు తీసినా లాగ్ ఖాళీ అవ్వదు, లాగ్ బ్యాకప్ తీయాల్సిందే.

ముందు సిస్ డాట్ డేటాబేసెస్‌లో (డేటాబేస్‌ల వివరాలు చూపే సిస్టమ్ వ్యూ) ‘లాగ్ రీయూజ్ వెయిట్ డెస్క్’ కాలమ్ చూడండి, లాగ్ ఎందుకు ఖాళీ అవ్వట్లేదో అది చెబుతుంది. అక్కడ ‘లాగ్ బ్యాకప్’ అని ఉంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపే టూల్) 15 నిమిషాలకోసారి లాగ్ బ్యాకప్ జాబ్ పెట్టండి. ఒకటి రెండు బ్యాకప్‌లు అయ్యాక డీబీసీసీ ష్రింక్‌ఫైల్ కమాండ్‌తో లాగ్ ఫైల్ సైజు ఒక్కసారి తగ్గించండి. మరీ చిన్నది చేయొద్దు, ఇండెక్స్ రీబిల్డ్ (వెతకడానికి వాడే ఇండెక్స్‌లను మళ్లీ కట్టడం) జరిగే రోజు లాగ్‌కి ఎంత పడుతుందో అంత ఉంచండి. మాకు 8 జీబీ సరిపోయింది. ఆటోగ్రోత్ (ఫైల్ నిండినప్పుడు దానంతటదే ఎంత పెరగాలో చెప్పే సెట్టింగ్) 10 శాతం అని ఉంటే 512 ఎంబీకి మార్చండి. శాతం లెక్కన అయితే ఫైల్ పెద్దదయ్యేకొద్దీ ఒక్కోసారి పెరిగేదీ పెద్దదవుతుంది, అది పెరిగే కాసేపూ ఇన్సర్టులు ఆగిపోతాయి.

కాలమ్‌లో ‘యాక్టివ్ ట్రాన్సాక్షన్’ అని ఉంటే మాత్రం ఇదంతా పనిచేయదు. ఎక్కడో ఒక ట్రాన్సాక్షన్ (ఒకే పనిగా జరిగే మార్పుల గుంపు) కమిట్ కాకుండా, అంటే పూర్తయినట్టు ఖాయం కాకుండా ఉండిపోయి ఉంటుంది. డీబీసీసీ ఓపెన్‌ట్రాన్ కమాండ్ కొట్టి అది నడుపుతున్న సెషన్ (కనెక్షన్) పట్టుకోండి. తొందరపడి లాగ్ ఫైల్ డిలీట్ చేశారంటే డేటాబేస్ మళ్లీ పైకి రాకపోవచ్చు, జాగ్రత్త.